లీడర్‌కు గూడ వంతు

నీళ్ల ట్యాంకరు వెనక్కి వస్తున్నప్పుడు బోరు ముందు బిందెలు వరుసలో ఉన్నాయి. తొండుపల్లికి ఇవతల ఉన్న మా ఊళ్లో, మనిషి లేకపోయినా బిందె ఉంటే ఆమె వంతు ఉన్నట్టే. ఇంకొకరి బిందెను ఎవరూ జరపరు. డ్రైవరు చూశాడు. హారన్ కొట్టాడు. ఆగలేదు. బిందెలు అణిగిపోయాయి. మహిళా సంఘం అధ్యక్షురాలు స్వర్ణలత చేతులు చాపి చక్రాల వెనక నిలబడింది. అయినా ఆగలేదు.

స్వర్ణలత నా భార్య.

నేను మా ఊరి బడిలోనే పాఠాలు చెబుతాను. మాటను సరిగ్గా వాడమని పిల్లలకు నేర్పడం నా పని. స్టేషన్లో ‘ప్రమాదం’ అని రాశారు. చూసి, హారన్ కొట్టి, ఆగకుండా వచ్చినదాన్ని ప్రమాదం అనరు. హత్య అంటారు.

ట్యాంకర్లలో ఆ నీళ్లు ఎటు పోతాయో విమానాశ్రయం చుట్టూ హోటళ్లలో గిన్నెలు తోమే మీకు తెలుసు. కొత్త అపార్టుమెంట్లకు సిమెంటు కలిపే మీకు తెలుసు. ఊరుమ్మడి బోరుకు కాంట్రాక్టరు పెద్ద మోటరు బిగించుకున్నాడు. ఊరికి మిగిలింది బురద.

స్వర్ణలత దినాలు కాకముందే ట్యాంకర్లు మళ్లీ వచ్చాయి. వాటి వెనకే కాంట్రాక్టరు మనిషి పాండు సంఘం గదికి వచ్చాడు. మా ఊరివాడే.

"లొల్లి ఎందుకక్కా? మీ లీడర్ ఎవలో చెప్పుండ్రి. కాంట్రాక్టర్ సేటు కూసోబెట్టి మాట్లాడ్తడట."

ఆడవాళ్లందరూ నావైపు చూశారు.

"సారూ, మీరే ఉండుండ్రి. మాకు మాటలు రావు," అంది ప్రేమావతి. చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి వింటారు.

"సంఘం మీది," అన్నాను. మీలో ఒకరిని ఎన్నుకోమన్నాను.

వయసులో పెద్దదని భాగ్యమ్మను ఎన్నుకున్నారు. వారం తిరగకముందే ఆమె కొడుక్కి కాంట్రాక్టరు గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం వచ్చింది. తర్వాతి మీటింగులో భాగ్యమ్మ తలెత్తకుండా చెప్పింది.

"పొద్దుగాల నీళ్లు మనం వట్టుకుందం. పగలంత ఆళ్లు నింపుకుంటరట. ఒప్పుకుందం. కొట్లాడితే సచ్చినామె తిరిగొస్తదా?"

గది భగ్గుమంది.

"కొడుకు నౌకరీకి ఊరి బోరు అమ్ముకున్నవా?"

"నీ ఇంట్ల పీనుగు లేస్తే గిట్లనే అందువా?"

భాగ్యమ్మ తగ్గలేదు. "నా కొడుకు ఖాళీగ తిరిగినప్పుడు మీల ఎవలన్న వానికింత పని సూపెట్టిండ్రా?"

మూలన కూర్చున్న మంజుల లేచింది. సంఘంలో చేరినప్పటి నుంచి ఆమె నోరు విప్పగా ఎవరూ వినలేదు.

"ఆమెను తిడితే ఏం ఫాయిదా? స్వర్ణక్క నిలవడ్డది, మనం కూసున్నం. ఆమెను సంపిండ్రు. భాగ్యమ్మను నిలవెట్టినం, మళ్ల కూసున్నం. ఈమెను కొన్నరు. ఒక్కతే ఉంటే ఆళ్లకు అల్కగున్నది. బోరు కాడ వంతు వెట్టుకుంటలేమా? లీడర్‌కు గూడ వంతు వెడదం. రోజుకొకామె."

"మాట్లాడరాని దాని వంతొస్తే?"

"నేర్సుకుంటది. నేను మాట్లాడ్తలేనా ఇప్పుడు?"

భాగ్యమ్మ బయటికి వెళ్లిపోయింది.

బడి వదిలాక నా తరగతి గదిలోనే మాట్లాడటం నేర్చుకున్నారు. ఒకామె తహసీల్దారుగా, ఒకామె సేటుగా నటించాలి. మిగతావాళ్లు నిలదీయాలి. ప్రేమావతి పోలీసయింది. "ఏయ్, లేవుండ్రి!" అని ఆమె అరవగానే సగం మంది నిజంగానే లేచి కొంగులు సర్దుకున్నారు.

"ఓ యమ్మా, మనం వచ్చిందే కూసోనికి గదనే!" అని మంజుల విరగబడి నవ్వింది. నవ్వీ నవ్వీ అందరూ మళ్లీ కూర్చున్నారు. మళ్లీ అరిపించుకున్నారు. కాళ్లలోంచి ఆ భయం పోయేదాకా అరిపించుకున్నారు.

ఆ తర్వాత బోరు దారిలో కూర్చున్నారు. రెండో రోజుకు ట్యాంకర్లు హైవే దాకా నిలిచిపోయాయి. ఇన్‌స్పెక్టర్ జీపు దిగాడు.

"మీ లీడర్ ఎవరు?"

"ఇయ్యాల నేనే," అంది మంజుల, కూర్చునే.

"నిన్న వేరే ఆమె కదా మాట్లాడింది?"

"నిన్న ప్రేమావతక్క వంతు, సారు."

"రేపు?"

"రేపొచ్చి సూడుండ్రి."

మంజులను రెక్క పట్టి ఈడ్చి జీపులో పడేశారు. చీర కొంగు తలుపులో ఇరుక్కుంది. "లేవకుండ్రే!" అని లోపలి నుంచి అరిచింది.

అప్పుడు వచ్చింది భాగ్యమ్మ. నేరుగా వచ్చి జీపు ముందు కూలబడింది.

"ఏందమ్మా గిది? నీ కొడుకు నౌకరీ పోతది," అన్నాడు జీపు పక్కన నిలబడ్డ పాండు.

"పోనీ. వాని టోపీ నువ్వు వెట్టుకో. మస్తు కుదుర్తది నీకు." ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "నేను ఒప్పుకున్ననని సేటు చెప్పిండు గదా సారు? ఒప్పుకుంటలేను. రేపు నన్ను లీడర్ చేస్తరో చెయ్యరో నాకు దెల్వది. ఇయ్యాల్నే పట్టుకపో."

ఆమెనూ ఎక్కించారు. ఆమె లేచిన చోట ఇంకొకామె వచ్చి కూర్చుంది. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె.

"నీ పేరేంటి?" అని కసిరాడు ఇన్‌స్పెక్టర్.

"పేర్లు తర్వాత రాసుకుందురు. ముందుగాల జీపుల జాగున్నదో లేదో సూస్కోండి సారు," అంది ఆమె. ఆమె వెనక ఊరు ఇంకా వస్తూనే ఉంది.