తెర మీద నేడు

ఆ రోజుల్లో ప్రోతరాపూర్ క్యాంపు వాళ్లని ప్రశ్నలు అడగనివాడు పాపాత్ముడు. సునామీ వచ్చి నెల తిరక్కుండానే సేవాసంస్థలు పుట్టగొడుగుల్లా లేచాయి. పొద్దున ఒకరొస్తే మధ్యాహ్నం ఇంకొకరు, టీ వేళకి మరొకరు. అందరిదీ ఒకటే పాట. పేరేంటి, ఇంట్లో ఎవరు పోయారు, ఎలా పోయారు? ఒకరు రాసుకున్నది ఇంకొకరికి చెప్పరు. ఒకామెకి మూడు దుప్పట్లు వస్తే పక్కామె ఒట్టి నేల మీద పడుకునేది. గవరమ్మకి దుప్పట్ల గోల పట్టలేదు. ఆమెకి కావలసింది నూకన్న.

నూకన్న ఆమె మొగుడు. శ్రీకాకుళం జిల్లా నుంచి కాంట్రాక్టరు పని మీద ఇద్దరూ కార్ నికోబార్ వచ్చారు. అతను వడ్రంగి, ఆమె తట్టలు మోసేది. ఆ ఆదివారం పొద్దున సముద్రం వెనక్కి పోయి తిరిగి లేచినప్పుడు నూకన్న ఆమెనీ, పక్క పాక ముసలామె అప్పలకొండమ్మనీ ఎత్తి లారీలో పడేశాడు. అప్పలకొండమ్మ కొడుకు సన్యాసిరావు జ్వరంతో పాకలోనే పడి ఉన్నాడు. "నానెల్లి అట్టుకొస్తాను" అని నూకన్న వెనక్కి పరిగెత్తాడు. లారీ మెరక మీదికి చేరింది గానీ వాళ్లిద్దరూ చేరలేదు.

బతికినవాళ్లని షిప్‌లో వేరే దీవికి, ఈ ప్రోతరాపూర్ క్యాంపుకి చేర్చారు. దెబ్బలు తగిలినవాళ్లని విమానాల్లో చెన్నైకీ విశాఖకీ పట్టుకుపోయారని తర్వాత విన్నారు. తెలివి తప్పినవాళ్లని పేరు అడిగేదెవరు, చెప్పేదెవరు? గవరమ్మ ఆ మాటనే పట్టుకుని బతికింది. ఏదో ఆస్పత్రిలో ఉన్నాడు, ఎక్కడో కనుక్కోవాలి, అంతే.

అలాంటి సమయంలో విజయవాడ నుంచి ప్రవీణ్‌కుమార్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు వచ్చాడు. వెంట సింధూరి ఉంది. ఈ దీవిలోనే షాదీపూర్ పిల్ల, హిందీ బడిలో చదివింది. తెలుగు మాట్లాడేస్తుంది గానీ అక్షరం కనబడితే బెదురుతుంది. ఆడవాళ్లందరినీ బడి వరండాలో కూర్చోబెట్టి ప్రవీణ్‌కుమార్ విషయం చెప్పాడు.

"సంస్థలన్నిటికీ కలిపి ఒకటే సాఫ్ట్‌వేర్ పెడుతున్నామమ్మా. మీరు ఒక్కసారి చెబితే అందరి కంప్యూటర్లలోనూ కనబడుతుంది. ఆస్పత్రుల్లో పేరు తెలియనివాళ్ల వివరాలు కూడా అందులోకే వస్తాయి. తప్పిపోయినవాళ్లతో అదే పోల్చి చూస్తుంది. ఏం అడగాలో, ఎలా అడగాలో మీరే చెప్పండి. తెర మీద మీ మాటలే ఉంటాయి."

పిలిచి పీటేసి అడిగితే ఎవరికి మాత్రం నోరు పెగలదు? అప్పలకొండమ్మ ముందు లేచింది. "సచ్చిపోనాడు అన్న మాట దాన్లో ఉండకూడదు బాబూ. నా కళ్లతో సూడకండా ఆ మాట నా సేత అనిపించొద్దు."

"ఆ దినం తారీకు మాటిమాటికీ సెప్పించకండి" అంది ఇంకొకామె.

"పచ్చబొట్టు రాసుకోండి" అంది గవరమ్మ. "మొకం ఉబ్బిపోద్ది గానీ పచ్చబొట్టు ఎక్కడికీ పోదు." నూకన్న ఎడమ చేతి మీద 'గవర' అని ఉంది. పెళ్లయిన ఏడాది తిరునాళ్లలో పొడిపించుకున్నాడు.

కుర్రాడు మంచివాడే. వాళ్లు అడిగినవన్నీ చేశాడు. క్యాంపు మనుషుల వివరాలు క్యాంపు మనుషులే ఎక్కించాలన్నాడు. ఐదో తరగతి దాకా తెలుగు చదివింది ఒక్క గవరమ్మే కాబట్టి ఆ కుర్చీ ఆమెదయింది. తట్ట మోసిన చేతికి మౌసు పట్టడం సింధూరి నేర్పింది. తెర తయారయ్యాక ఆడవాళ్లని ముందు కూర్చోబెట్టి, నొక్కించి, ఎక్కడ తడబడతారో చూడాలని కూడా అనుకున్నారు. ఆ ఒక్కటీ జరగలేదు. డబ్బిచ్చే పెద్దలకి తొందర ఎక్కువైంది, ప్రవీణ్‌కుమార్‌ని వేరే దీవికి షిప్ ఎక్కించారు. తెర మీది తెలుగు మాత్రం ఎక్కడో నగరంలో కూర్చున్నవాళ్లు రాసి పంపారు. అది పేపర్లలో వచ్చే తెలుగు.

కంప్యూటరు ముందు మొదటి రోజు సింధూరి చెప్పింది ఇంతే. "దీదీ, ఇక్కడ ఉన్నవాళ్లకి క్యాంపు కార్డు నంబరు కొట్టు. మిగతావాళ్లకి కింది లైను."

గవరమ్మ మొదట మొగుడి పేరు ఎక్కించింది. పెళ్లయ్యాక ఒక్కసారి కూడా నోటితో అనని పేరు, ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొట్టింది. పచ్చబొట్టు రాసింది. కింది లైన్లో 'చివరిగా చూసిన రోజు' అని ఉంది. పక్కన ఖాళీ గడి, గడి పక్కన పచ్చటి బటన్. బటన్ మీది అక్షరాలు కూడబలుక్కుంది. నే... డు. నేడు.

"ఒలమ్మా! మన మాటే ఎట్టినారే!" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

విజయవాడ వాళ్లు లేడు అంటారు. గవరమ్మ ఊళ్లో నేడు అంటారు. మొగుడు ఇంట్లో నేడు, కుండలో కూడు నేదు, చేతిలో పైసా నేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ మాటతోనే ఎక్కువ పని పడింది వాళ్లకి. పుస్తకాల్లో నేడంటే ఈ రోజని ఐదో తరగతి పంతులు చెప్పే ఉంటాడు. చెప్పింది చెప్పినట్టు గుర్తుండడానికి ఆమె బతుకు పుస్తకాల్లో గడవలేదు కదా.

కింది లైను ఇక్కడ లేనివాళ్లదని సింధూరి చెప్పనే చెప్పింది. మొగుడు ఉన్నాడా? నేడు. నొక్కింది. పక్క గడిలో ఏదో తారీకు దానంతట అదే పడింది.

"తారీకు అదే ఏసేసుకుంది సింధూరీ. మనల్ని అడక్కండా."

"ఎంట్రీ డేట్ అయి ఉంటుంది దీదీ" అంది సింధూరి.

తారీకు చెప్పించొద్దని అడిగాం, చెప్పించలేదు, ఎంత మర్యాద తెలిసిన యంత్రమో అనుకుంది గవరమ్మ. సన్యాసిరావు పేరు కొట్టి నేడు నొక్కింది. ఆ తర్వాత వరసగా వచ్చి నిలబడిన ప్రతి తల్లినీ, ప్రతి పెళ్లాన్నీ అడగడం, నేడని వాళ్లు చెప్పడం, ఆమె నొక్కడం.

యంత్రానికి యాస ఏం తెలుసు? వీళ్లందరినీ ఇంటివాళ్లు ఈ రోజే కళ్లారా చూశారని రాసుకుంది. తప్పిపోయినవాళ్లలోంచి తీసేసింది. కనబడ్డవాడిని ఎవడు వెతుకుతాడు? ఇదివరకు ఒక సంస్థ తప్పు రాసినా ఇంకో సంస్థ దగ్గర సరిగ్గా ఉండేది. ఇప్పుడు అందరిదీ ఒకటే కదా, అందరూ ఒక్కసారే వెతకడం మానేశారు.

ఆమె మాత్రం ఎదురుచూసింది. సింధూరి కనబడినప్పుడల్లా అడిగేది. "ఫికర్ చెయ్యకు దీదీ, కంప్యూటర్ చూస్తోంది" అనేది ఆ పిల్ల. కంప్యూటరు చూస్తోందన్న నమ్మకం మీద గవరమ్మకి అన్నం సయించేది, నిద్ర పట్టేది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ప్రవీణ్‌కుమార్ తిరిగి వచ్చాడు. పక్కన సింధూరి. కుర్రాడి మొహం అదోలా ఉంది.

"అమ్మా, నూకన్నగారిని మీరు ఈ క్యాంపులో ఎప్పుడు చూశారు?"

"క్యాంపులో సూడ్డవేటి బాబూ? ఆయన నేడు గదా."

"ఈ రోజు సంగతి కాదమ్మా. మొదట్లో మీరు ఎంట్రీ చేశారే, అప్పుడు?"

"అప్పుడూ నేడు, ఇప్పుడూ నేడు. నాను అదే గదా నొక్కినాను."

ప్రవీణ్‌కుమార్ మళ్లీ ఏదో అడగబోయాడు. సింధూరి అతని చెయ్యి పట్టుకుంది. "భయ్యా, లేడు అంటోంది. దీదీ వాళ్లు లేడు అనడానికి నేడు అంటారు. ఆ బటన్ మీద నువ్వేం రాయించావు?"

"ఈ రోజు అని" అన్నాడు. అని, వరండా మెట్టు మీద కూలబడ్డాడు.

గవరమ్మకి ఇంకా అర్థం కాలేదు. అతను సంచిలోంచి రెండు ఫొటోలు తీసి ఇచ్చాడు. ఒకదాన్లో తలకి కట్టుతో, గడ్డం మాసి, మంచం మీద ఒక మనిషి. రెండోదాన్లో ఒట్టి చెయ్యి, చేతి మీద 'గవర'.

"ఈయనే! ఈయనే బాబూ! ఎలగ సిక్కిపోనాడో సూడు. ఏ ఆస్పత్రి? ఇప్పుడే ఎల్లిపోతాను, నన్ను షిప్ ఎక్కించీ."

ప్రవీణ్‌కుమార్ తలెత్తలేదు. "చెన్నైలో ఉన్నారమ్మా. మాట పడిపోయింది, పేరు చెప్పలేకపోయారు. పోయిన వారం... చనిపోయారు. ఎవరూ రాలేదని ఆస్పత్రి వాళ్లే పూడ్చేశారు. తర్వాత మేము అందరి పచ్చబొట్లూ ఒకసారి పోల్చి చూస్తుంటే మీ పేరు తగిలింది."

గవరమ్మ ఏడవలేదు. ఫొటోలోని 'గవర' మీద వేలు పెట్టింది. ఒక్కటే అడిగింది.

"నాను నొక్కిననాటికి ఉన్నాడా?"

"ఉన్నారమ్మా."

మూడు నెలలు ఎవరైనా వస్తారని ఆ మంచం మీద కళ్లు తెరుచుకుని చూసి ఉంటాడు. రానివ్వకుండా చేసింది తన వేలే. ఆ వేలిని నరుక్కోవాలనిపించింది.

"తప్పు మాది" అన్నాడు ప్రవీణ్‌కుమార్. ఏడుస్తూనే అన్నాడు. "ఆ మాట ఈ రోజే మార్చేస్తాం. మిగతావాళ్లకి మాత్రం ఇప్పుడే చెప్పకండమ్మా, బెంబేలెత్తిపోతారు. మేమే లోపల సరిచేస్తాం."

"ఏటి సరిజేస్తావు? ఎవుల్ని సూసినారో, ఎవుల్ని సూడనేదో నీకెలగ తెలుస్తాది? మళ్లీ ఆళ్లనే గదా అడగాల?" అని గవరమ్మ లేచింది.

ఆడవాళ్లు నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడి ఉన్నారు. చుట్టూ తిప్పి చెప్పడం ఆమెకి రాదు. మా ఆయన చెన్నైలో ఉండి మొన్ననే పోయాడంది. నేను నొక్కింది తప్పంది. మీ వాళ్లందరూ కనబడ్డారని రాసేశాను, అందుకని ఎవరూ వెతకడం లేదంది.

అప్పలకొండమ్మ బిందె వదిలేసి వచ్చి ఆమె జుట్టు పట్టుకుంది. "నా కొడుకు దొరికినాడని రాసేసినావటే? దొరికినాడనా?" అని ఈ చెంపా ఆ చెంపా వాయించింది. ఒక్కరూ అడ్డు రాలేదు. గవరమ్మ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

ఉన్నట్టుండి ముసలామె చెయ్యి ఆగిపోయింది.

"అయితే, మావోడి కోసం ఇంతదాకా ఎవులూ ఎతకనేదా?"

"నేదత్తా."

"ఎతకనేదు గాబట్టే దొరకనేదా?"

అవునంటే ఆశ పెట్టినట్టు, కాదందామంటే నిజమేదో ఎవరికీ తెలియదు. గవరమ్మ చెప్పేదాకా ఆగినవాళ్లు కూడా లేరు. అన్ని నెలలుగా చచ్చి ఉన్న మొహాల్లో ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. బిందెలు ఎక్కడివక్కడ వదిలేశారు. "సన్యాసిరావు బతికే ఉంటాడు", "మావోడు ఇశాపట్నంలో ఉంటాడు, నాకు తెలుసు" అంటూ గవరమ్మని రెక్క పట్టి కంప్యూటరు గదికి లాక్కుపోయారు. నూకన్న పోయాడన్న మాటకి అయ్యో అనే తీరిక ఎవరికీ లేకపోయింది.

తెలుగు చదవగలిగింది ఇంకా ఆమె ఒక్కతే. కుర్చీలో కూర్చోబెట్టారు. తెర వెలిగింది. మొదట ఎక్కించిన పేరు కాబట్టి అన్నిటికంటే పైన నూకన్న. అప్పుడు వచ్చింది ఆమెకి ఏడుపు. బల్ల మీద తల పెట్టి కడుపులోంచి ఏడ్చింది.

అప్పలకొండమ్మ ఇందాక కొట్టిన చేతినే ఆమె వీపు మీద వేసింది. "ఏడుద్దువు గానీలే తల్లీ" అంది. "ముందు మావోడిది నొక్కు. బేగి."

గవరమ్మ చెంగుతో మొహం తుడుచుకుని, మొగుడి పేరు దాటి కిందికి వెళ్లి, సన్యాసిరావు పేరు వెతకసాగింది.