ఉప్పు పడిన పానకం

మా అత్తగారు మార్తమ్మ నాకు ఇంటి తాళాలిచ్చింది, బీరువాలో చీరలిచ్చింది. క్రిస్మస్ పానకం సంగతి మాత్రం చెప్పకుండా పోయింది.

పానకమంటే శ్రీరామనవమి పానకం కాదు. పెరట్లో ఎర్రగోంగూర కాయల చుట్టూ దళసరి రేకలుంటాయి చూడండి, వాటిని ఒలిచి ఎండబెట్టి, అల్లం, లవంగాలు, దాల్చినచెక్క వేసి మరిగించి, ఓ రాత్రి నాననిచ్చి, వడగట్టి బెల్లం కలపాలి. చర్చిలో పండగ పూజ నుంచి రాగానే ఇంటిల్లిపాదికీ తలో గ్లాసు. ఇదంతా నేను కళ్ళారా చూసిందే. కానీ బెల్లం కలిపే వేళకి ఆవిడ, "పోయి స్టారు ఎలిగిందో లేదో సూడు" అని నన్ను బయటికి తోలేది. తిరిగొచ్చేసరికి పానకం సిద్ధం. పొయ్యి పక్కన ఉప్పు జాడీ మూత తీసి ఉండేది. ఇంత పెద్దావిడకి మూత పెట్టడం రాదా అని సణుక్కుంటూ నేనే పెట్టేదాన్ని.

ఆవిడ పోయాక మూడు క్రిస్మస్‌లకి నేనే చేశాను. మా మామగారు జాకబ్ ఒక గుక్క తాగి, "బాగుందమ్మా" అని గ్లాసు పక్కన పెట్టేసేవారు. మిగతాది ఈగల పాలు. బెల్లం మార్చాను, అనకాపల్లిలో ఉండి మంచి బెల్లం దొరకలేదంటే నవ్వుతారు కదా. అల్లం పెంచాను. రెండో గుక్క మాత్రం పడలేదు. ఆయన ఒక్క మాట అన్నా బాగుండేది, హాయిగా పోట్లాడేదాన్ని.

2006లో ఆయనకి ఎనభై దాటాయి, గుండె నీరసించింది. ఇంకో పండగ చూస్తారో లేదో. ఈసారి గ్లాసు ఖాళీ చేయించి తీరాలని పంతం పట్టాను. పంతం పట్టిన వారానికే నూతిగట్టు మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను.

పక్క వాటాలో అద్దెకున్న కుమారి నేను పిలవకుండానే వచ్చింది. కోటవురట్ల దగ్గర చెరకు రైతుల పిల్ల, పెళ్ళయి ఏడాది కాలేదు. మాకు వంట చేసింది, నాకు జడ వేసింది, మామగారికి వేళకి మందులిచ్చింది. జడ బిగుతుగా వేశావని, కూరలో కారం ఎక్కువైందని నేను రోజూ సాధించాను. "సెయ్యి ఇరిగినా నోరు బాగానే ఉంది వదినా" అని నవ్వేది. గోంగూర కాయలు కూడా తనే కోసి, ఒలిచి, డాబా మీద ఎండబెట్టింది.

ఇరవై మూడో తారీఖున ఆ రేకల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. ఒకటి నోట్లో వేసుకున్నాను. ఉప్పు కషాయం.

"ఏటే ఇది?"

"ఉప్పు రాసి ఎండబెట్టేను వదినా. లేకపోతే బూజు పట్టేత్తాది. ఊరగాయకి మా అమ్మ ఇలాగే సేత్తాది."

"నేను ఊరగాయ అడిగేనా? పానకానికి ఇవి. ఎవర్నడిగి ఉప్పేసేవు? ఆ ముసలాయనకి ఇదే ఆఖరి పండగైతే?"

కుమారి ముఖం చిన్నబోయింది. "నాకు తెలీదు వదినా" అని గొణిగి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఒంటి చేత్తో ముడి కూడా చుట్టుకోలేక జుట్టు విరబోసుకునే తిరిగాను.

మొక్కలకి ఒక్క కాయ మిగల్లేదు. గత్యంతరం లేక మా ఆయన ఎలియాజరు చేత ఆ రేకలే నాలుగు నీళ్ళు పోసి కడిగించాను. పక్కన నిలబడి చెబుతూ మరిగించడం, వడగట్టడం కూడా ఆయన చేతే చేయించాను. ఉప్పదనం అణుగుతుందేమోనని బెల్లం కాస్త ఎక్కువే వేయించాను.

పండగనాడు మామగారి చేతికి గ్లాసిచ్చి తల తిప్పుకున్నాను. గ్లాసు కింద పెట్టిన చప్పుడు ఎంతకీ వినబడలేదు. చూద్దును కదా, ఎత్తిన గ్లాసు ఎత్తినట్టే తాగేస్తున్నారు. ఖాళీ చేసి నా వైపు చాపారు.

"ఇంకాసిని పొయ్యి లూర్దమ్మా. ఇన్నాళ్ళకి మీ అత్త సేసినట్టు సేసేవు."

నేనూ తాగి చూశాను. తీపి, పులుపు, లవంగం ఘాటు. వాటన్నిటి వెనకాల ఉందా లేదా అన్నంత ఉప్పు. పొయ్యి పక్కన మూత తీసిన జాడీ గుర్తొచ్చింది. ఆ మూత ఏటేటా పెట్టింది నేనే, ఒక్కసారి కూడా ఎందుకు తీశారని అడగలేదు. అత్త పోయిన ఆర్నెల్లకి కోడలు ఏడ్చిందని సామెత. నాకు నాలుగేళ్ళు పట్టింది.

చెంబు నిండా పానకం పట్టుకుని, అదే విరబోసిన జుట్టుతో కుమారి వాటాకి వెళ్ళాను. తలుపు తీసి నన్ను చూడగానే బెదిరిపోయింది.

"మా మావ రెండు గ్లాసులు తాగేరు" అన్నాను. "అంతా నీ ఉప్పు సలవే. నిన్ను నానా మాటలూ అన్నాను. మనసులో పెట్టుకోకు."

తను అనుమానంగానే ఓ గుక్క తాగింది. "ఉప్పు తగుల్తంది కదా వదినా?"

"తగలాలి. మా అత్త పానకం అదే. నువ్వు లేకపోతే నేను సచ్చేదాకా తెలిసేది కాదు."

ఆ మాట పైకి అనేశాక గుండె తేలికైంది. వాళ్ళ గుమ్మంలోనే తనకి వీపు పెట్టి కూర్చున్నాను.

"దువ్వెన తే" అన్నాను. "బిగుతుగానే వెయ్యి."