నాలుగు నెలలు ముందుగా

బస్సు పైకప్పు మీద మోకాళ్లూని ఆమె పొడుగు చీపురుతో మట్టి నెడుతోంది. సబ్బునీళ్లు అద్దాల మీదుగా జారిపోతున్నాయి. పద్దెనిమిదేళ్లుగా రోజూ తెల్లవారుజామున మూడింటికల్లా డిపోలో ఉండాల్సిందే. అయిదున్నరకు మొదటి బస్సు కదిలేలోగా పన్నెండు బస్సులు కడగాలి. గోళ్ల చుట్టూ చర్మం ఎప్పుడూ నానిపోయి తెల్లగా ఉంటుంది. ఆఖరి వరుసలో దీపాలు లేవు. అక్కడ నడుము నిటారు చేసుకుని తూర్పుకేసి చూసింది. పిల్లలకోడి, అదే కృత్తికల గుంపు, అప్పటికే బాగా పైకి వచ్చింది. చిన్న చిన్న చుక్కలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ.

ఆమెకు ఈ పిచ్చి అంటించింది వదిన, అంటే భర్త అక్క. అతను పోయాక ఇద్దరూ ఒకే గదిలో ఉంటున్నారు. సినిమాహాలు గేటు దగ్గర టికెట్లు చింపే ఉద్యోగం మానేశాక, మూడు నెలల కిందట, వదిన పాత పుస్తకాల కొట్లో ఆకాశపటాల పుస్తకం కొనుక్కొచ్చి యాభై తొమ్మిదో ఏట మేడ మీద చాప పరిచింది. చీకటికి కళ్లు అలవాటు పడాలంటే ఇరవై నిమిషాలు పడుతుందనీ, టార్చికి ఎర్ర కాగితం చుట్టాలనీ, ఉత్త కళ్లతో చూడటం రానివాళ్లకు దుర్భిణీ దండగనీ ఇంటిల్లిపాదికీ, అంటే ఆమె ఒక్కర్తికీ, పాఠాలు చెప్పింది. మొదటి వారమంతా ఒక దీపాన్ని బృహస్పతి అనుకుని మురిసిపోయింది. అది సెల్ టవర్ దీపమని ఆమె చెప్పినందుకు రెండు రోజులు మాట్లాడలేదు.

వదిన మొదలుపెట్టేసరికే పిల్లలకోడి పడమటి మేడల వెనక్కి దిగిపోయింది. రాత్రి వేసుకునే మందుల మత్తుకు వదిన తెల్లవారుజామున లేవలేకపోతోంది. ఆమె ఇప్పుడు తెల్లవారుజామున చూస్తున్నది వదినకు సాయంత్రాల్లో కనిపించాలంటే ఇంకా నాలుగు నెలలు ఆగాలి.

"నీ కోడి నా వైపు ఎప్పుడొస్తుందే?" అని వదిన రోజూ అడుగుతుంది. ఈ పొద్దున కూడా అడిగింది.

"వస్తుందిలే వదినా, దానికేం కాళ్లు విరగలేదు."

మధ్యాహ్నం ఆసుపత్రిలో డాక్టరు వదిన కాగితాలు తిప్పి చూసి, ఆమెను పక్కకు పిలిచి, ఇంకొన్ని వారాలే అన్నాడు. తిరిగొచ్చిన ఆమె ముఖం చూడగానే వదినకు సంగతి అర్థమైంది. ఇంటికొచ్చాక, "నాలుగు నెలలు నాకెక్కడివే? రేపు నన్నూ నీతో తీసుకుపో," అంది.

వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు. చివరి రోజుల్లో భర్త అడిగినవన్నీ రేపు, రేపు అని దాటవేసిన సంగతి ఆమెను ఇప్పటికీ తింటూనే ఉంది.

వాచ్‌మన్‌ను బతిమాలి, తెల్లవారుజామున వదినను ఆటోలో తీసుకొచ్చింది. ఆఖరి వరుసలో ఒక బస్సు కడిగి, తుడిచి, ఎక్కమంది. వదిన మెట్టు కింద చెప్పులు విప్పింది.

"బస్సెక్కడానికి చెప్పులెవరు విప్పుతారు వదినా?"

"నువ్వు కడిగావు కదే."

తూర్పు కిటికీ పక్కన కూర్చోబెట్టి, శాలువా కప్పి, వేలు పెట్టి చూపించింది. వదిన చాలాసేపు వెతికింది.

"ఏదీ... ఆఁ, అదా! ఇంత చిన్నదా! బారెడుంటుందనుకున్నాను," అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆమెకూ ఏడుపు తన్నుకొచ్చింది, సంతోషంతోనే.

"నువ్వెళ్లి పని చూసుకో. నేను లెక్కపెట్టుకుంటా."

ఆమె పక్క బస్సు ఎక్కి చీపురు అందుకుంది. కింద నుంచి వదిన గొంతు వినిపిస్తూనే ఉంది. ఒకటి, రెండు... తప్పిపోయి మళ్లీ మొదటికి వస్తోంది. చివరికి అయిదు దాకా వచ్చి ఆగింది.

"ఆరోది దాని పక్కనే, చూడు," అని ఆమె పైనుంచి కేకేసింది. జవాబు రాలేదు. ఆరోదాని కోసం వెతుకుతోంది కాబోలు, కదిలించకూడదనుకుని, కప్పంతా కడిగి దిగింది.

వదిన తల కిటికీ చట్రానికి ఆని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే తిరిగి పట్టుకోలేదు.

వాచ్‌మనూ డ్రైవరూ కలిసి వదినను గేటు దాకా మోశారు. తల కింద చెయ్యి పెట్టి ఆమె వెంట నడిచింది. అయిదున్నరకు ఆ బస్సు వేళకే కదిలింది. అది నిలిచిన చోట, పారుతున్న సబ్బునీళ్ల మధ్య, ఒక జత చెప్పులు ఇప్పుడక్కడ లేని మెట్టు వైపు తిరిగి ఉన్నాయి.