నారింజపండు దూరని మెడ

"మళ్ళీ ఏం పాడు చేస్తున్నావు?" అన్నాడు థ్రాసోస్, తాగిన కాఫీ కప్పు సింకులో పడేస్తూ.

అతని భార్య అసిమీనా ఇస్త్రీబల్ల ముందు నిలబడి ఉంది. తను అల్లిన పసిపిల్ల తెల్లటి గౌను మీద తడిగుడ్డ పరిచి, దాని పైనుంచి ఇస్త్రీపెట్టె తేలిగ్గా ఆనిస్తోంది. నేరుగా ఆనిస్తే క్రోషా అల్లిక అణిగిపోతుంది. ఇస్త్రీ అయ్యాక సింకులో కప్పు కడిగింది కూడా ఆమే.

ఆమె చేతిపనికి ఇంట్లో పరువు పోయి చాలా కాలమైంది. పెళ్ళైన కొత్తలో అల్లిన బల్లగుడ్డ అంచులు క్యాబేజీ ఆకుల్లా పైకి లేచాయి. మొగుడికి అల్లిన స్వెట్టరుకి ఒక చెయ్యి పొడుగొచ్చింది. "స్వెట్టరు బాగానే ఉంది, నీ చెయ్యే పొట్టి అంటుంది మా ఆవిడ" అని థ్రాసోస్ ప్రతి విందులోనూ చెప్తాడు. చెప్పి అందరూ ఆమెకేసి తిరిగేదాకా ఆగుతాడు. నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారు. అందుకని అందరికంటే ముందు తనే నవ్వేసేది. అత్తగారి కర్టెన్లు, ఆడపడుచు పిల్లల ప్యాంట్ల అంచులు, తను పనిచేసే పళ్ళ డాక్టరుగారి తెల్లకోటు గుండీలు, ఇవన్నీ కుట్టేది ఎవరు మరి? "ఎలాగూ సూది పట్టుకుంటావుగా అసిమీనా" అంటాడు డాక్టరు, కోటు బల్లమీద పడేసి. అవి ఎప్పుడూ వంకరపోలేదు. వంకరపోలేదు కాబట్టే వాటి గురించి ఎవరూ మాట్లాడలేదు.

రెండు నెలల కిందట థ్రాసోస్‌కి తమ్ముడి వరస అయినవాడి భార్య లూకియా వచ్చి, "అక్కా, మా పాపకి నువ్వే జ్ఞానతల్లివి కావాలి" అంది. వాళ్ళుండే గ్రీసు ఊరు వోలోస్‌లో జ్ఞానస్నానమంటే పిల్లకి కొత్తబట్టలు తెచ్చేది జ్ఞానతల్లే. నీళ్ళలోంచి తీసిన పిల్లకి ఆ బట్టలే తొడగాలి. అందరూ కొట్లో కొంటారు. "నేను అల్లుతాను" అనేసింది అసిమీనా. నోరు జారిన మాట కాదది. తన చేతిపనిని ఒక్కసారి నలుగురూ చూసి బాగుందనాలని ఆమెకి చచ్చేంత కోరిక. ఆ కోరికకే సిగ్గుపడింది కూడా, చిన్నపిల్లలాగా.

అత్తగారు పగోనా కనుబొమ్మ ఎగరేసింది. "ముందుగా వేసి చూడకూడదమ్మాయ్. గుళ్ళో పిల్లకి జ్ఞానస్నానపు నూనె పట్టకముందు ఆ బట్ట పిల్ల ఒంటికి తగలకూడదు."

బస్సులో అల్లింది, డాక్టరు లోపలుంటే కౌంటరు కింద అల్లింది, పప్పు ఉడికేలోపు అల్లింది. మెడ దగ్గర గుండీలు పెడితే అతుకుల బొంతలా ఉంటుందని గుండ్రంగా మూసేసింది. నూలుదారం ఊలులా సాగదన్న సంగతి ఆమెకి తెలియంది కాదు. ముచ్చట కళ్ళు కప్పేసింది, అంతే.

గుళ్ళో పాప జినోవియాకి ఒళ్ళంతా నూనె పట్టించి ఫాదరు మూడుసార్లు తొట్టిలో ముంచాడు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. అసిమీనా గౌను తలమీంచి తొడిగింది. నుదుటి దగ్గర ఆగిపోయింది. ఇంకాస్త లాగింది. చెవులు మడతపడ్డాయి. పిల్ల ఏడుపు గౌనులోంచి వస్తోంది, మొహం కనబడటం లేదు. వెనకెవరో కిసుక్కుమన్నారు.

"లాగకండమ్మా" అన్నాడు ఫాదరు, మెల్లగా. ఆ మెల్లదనమే ఆమెను చంపేసింది. చెవులదాకా వేడెక్కిపోయింది. నూనె చేతులతో గౌను వెనక్కి తీస్తుంటే, దాన్ని తనే మింగెయ్యగలిగితే బాగుండుననిపించింది.

అప్పుడు పగోనా చేతిసంచి తెరిచి సాటిన్ గౌను తీసింది. కొట్టువాడి చీటీ ఇంకా వేలాడుతోంది. అది వెన్నలా ఎక్కింది పిల్ల ఒంటికి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"బతికించారు అత్తయ్యా" అంది అసిమీనా. నిజంగానే, మనస్ఫూర్తిగా.

మధ్యాహ్నం హోటల్లో పొడుగు బల్లలు వేశారు. వేపిన చేపలు వచ్చాయి, సిపురో సారా గ్లాసులు నిండాయి. థ్రాసోస్ గ్లాసు మీద ఫోర్కుతో టింగుమనిపించాడు.

"స్వెట్టరు కథ పాతబడిపోయిందర్రా. కొత్తది వినండి. పోయిన నెల్లో ఆ మెడ చూడగానే అనుకున్నాను, ఇందులో నారింజపండే దూరదు, పిల్ల తల ఏం దూరుతుందని. వెంటనే అమ్మచేత ఇంకోటి కొనిపించాను. మా ఆవిడ సంగతి నాకు తెలీదూ?"

బల్లంతా గొల్లుమనడానికి సిద్ధంగా ఆమెకేసి తిరిగింది. అలవాటు ప్రకారం ఆమె పెదవులు విచ్చుకున్నాయి కూడా.

పోయిన నెల్లో. అంటే అప్పటికి నడుము దాకా కూడా రాలేదు గౌను. ఆ తర్వాత అల్లిన ప్రతి వరసా అతని ఎదురుగానే అల్లింది. సోఫాలో పక్కనే కూర్చుని టీవీ చూశాడు. అత్తగారు వచ్చి కాఫీ తాగి, అంచు చూసి, "శ్రమపడుతున్నావు" అని వెళ్ళింది. అప్పటికే ఆవిడ బీరువాలో సాటిన్ గౌను మడతపెట్టి ఉంది. తల్లీకొడుకులకి తెలిసి, తనొక్కతే గుడి మధ్యదాకా నడిచి వెళ్ళింది. పైగా బతికించారని దణ్ణం పెట్టింది. గౌను గురించి పడ్డ సిగ్గు ఎంతోకొంత ఓర్చుకోదగ్గదే, తప్పు తనదే. కానీ ఇన్నాళ్ళూ అందరికంటే ముందు నవ్విన నవ్వు గుర్తొస్తే ఒళ్ళంతా కంపరమెత్తింది.

పెదవులు మూసుకుంది.

"ముందే తెలిస్తే నాకెందుకు చెప్పలేదు?" అంది.

"చెప్తే సరదా ఏముంటుందే?" అన్నాడు థ్రాసోస్, తోడు కోసం చుట్టూ చూస్తూ. ఒకడు నవ్వబోయి దగ్గాడు. పగోనా చేపముల్లు ఏరుకుంటోంది.

అసిమీనా లూకియా వైపు తిరిగింది. 

"ఇకనుంచి మూడు ఆదివారాలు పాపని గుళ్ళో సత్ప్రసాదానికి తీసుకెళ్ళేది నేనే కదా లూకియా. నా గౌనుకి మెడ వెనక చీల్చి, అంచు కట్టి, గుండీలు పెడతాను, అదే వేసి తీసుకెళ్తాను. రేపు మీ ఇంటికొచ్చి పాపకి వేసి చూస్తాను. పట్టకపోతే మళ్ళీ విప్పుతాను."

"రా అక్కా" అంది లూకియా.

"ఆదివారం పొద్దున్నే నేను కారు తీస్తాలే" అన్నాడు థ్రాసోస్, మాట మార్చడానికి.

"వద్దు" అంది అసిమీనా. "నువ్వు రాకు."