బావగారికిచ్చిన ఇంజను

అచ్చాఫీసు నడిపే ప్రెస్సాయన కూతురి పెళ్ళి ఒక కారు టెయిల్ ల్యాంప్ అద్దం దగ్గర కుదిరింది. ఆయన ఈ మాట చెబితే అందరూ నవ్వులాటకి అంటున్నాడనుకునేవాళ్ళు గానీ, జరిగింది మాత్రం అదే. పాత కార్ల సామాను అమ్మే కొట్టులో, తుక్కు గుట్ట మీద ఎర్రద్దం ఒక్కటే ఉంది. ఒక కొస ఈయన పట్టుకున్నాడు, రెండో కొస అప్పటిదాకా ముఖపరిచయమైనా లేని పశువుల డాక్టరు పట్టుకున్నాడు. ఇద్దరివీ ఒకే రకం కార్లు. వాటిని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

"మీరు తీసుకోండి" అంటే "అబ్బే, ముందు చూసింది మీరు" అని కాసేపు మర్యాదలు నడిచాయి. ఆఖరికి డాక్టరే తీసుకున్నాడు. తీసుకున్నందుకు మొహమాటపడి, ప్రెస్సాయన్ని ఇంటికి పిలిచాడు. అక్కడ డాక్టరు కొడుకుని చూశాడు ప్రెస్సాయన. కుర్రాడు నెమ్మదస్తుడు, నవ్వు మొహం. ఇంటికొచ్చి భార్య చెవిన వేశాడు. మిగతాదంతా ఆడవాళ్ళు చూసుకున్నారు.

అలా ఇద్దరూ ఒకరికొకరు బావగార్లయ్యారు. సెలవు వస్తే చాలు, ఏదో ఒక కారులో పడి ఊళ్ళో ఉన్న తుక్కు కొట్లన్నీ తిరిగేవాళ్ళు. ఒకరికి తలుపు పిడి దొరికేది, ఇంకొకరికి వైపర్ మోటారు దొరికేది. ఏదీ దొరక్కపోయినా చేతులు నల్లగా చేసుకుని, ఆకలి మీద ఇల్లు చేరేవాళ్ళు. "చిన్నపిల్లలు మట్టిలో ఆడి వచ్చినట్టు వస్తారు, సబ్బులు అరగడానికి" అని వియ్యపురాళ్ళిద్దరూ ఫోన్లో చెప్పుకునేవాళ్ళు.

రానురానూ తుక్కు కొట్లు పల్చబడ్డాయి. విడి సామాన్లు దాచి, దుమ్ము దులిపి, వచ్చినవాళ్ళకి చూపించే ఓపిక ఎవరికీ లేకపోయింది. కారు వస్తే వచ్చినట్టే నొక్కేసి, తూకానికేసి కొలిమికి పంపేస్తున్నారు. ఎర్రద్దం దొరికిన కొట్టులో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. మిగిలిన కాస్తా ఎక్కడెక్కడి వాళ్ళో ఇంటర్నెట్‌లో గంపగుత్తగా కొని బీరువాల్లో పెట్టుకుంటున్నారు.

ఒకసారి ప్రెస్సాయన కొత్తగా పెట్టిన కాఫీ హోటల్లోకి వెళితే, గోడ మీద ఆయన కారు మొహమే కనిపించింది. ముందుండే నికెల్ జాలీ, దాని రెండు పక్కలా దీపాల రింగులు, లోపల పసుపు బల్బులు. జాలీ మీద చిన్న గీత కూడా లేదు. ఆయన కారు జాలీకి రెండు పళ్ళు ఊడిపోయి ఉన్నాయి. కాఫీ చల్లారిపోయేదాకా దానికేసే చూసి, చివరికి ఉండబట్టలేక మేనేజర్ని అడిగాడు.

"అది అమ్మేది కాదు సార్. డెకరేషన్."

"డెకరేషన్‌కి నేను నా పాతది ఇస్తానయ్యా. గోడకి పళ్ళు లేకపోతే ఏమైంది?"

మేనేజరు నవ్వాడే తప్ప ఒప్పుకోలేదు.

జాలీకి పళ్ళు లేకపోయినా బండి నడుస్తుంది. స్టీరింగ్ బాక్స్‌లో పళ్ళు లేకపోతే నడవదు. ఒక ఉదయం ప్రెస్ వీధి మలుపులో ఆయన చక్రం తిప్పాడు. చక్రం తిరిగింది గానీ బండి తిరగలేదు. తిన్నగా వెళ్ళి టైలరు కొట్టు మెట్లని ముద్దుపెట్టుకుంది. నెమ్మదిగా పోతుండబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. మేస్త్రీ వచ్చి బాక్స్ విప్పి, అరిగిపోయిన పళ్ళని అరచేతిలో పెట్టి చూపించాడు. వెతకని చోటు లేదు. లేత్ షాపులో కొత్తది చేయించి చూశారు. అది బిగించాక చక్రం తిప్పడమంటే తిరగలి తిప్పినట్టే ఉండేది. కొన్నాళ్ళకి అదీ బిగుసుకుపోయింది. బండిని ప్రెస్ వెనక రేకుల షెడ్డులోకి తోసి, పట్టా కప్పారు.

అది జరిగిన ఏడాదే డాక్టరు కారు ఇంజను వేడెక్కి, బ్లాక్ నిలువునా చీరింది. వెల్డింగు పెట్టిస్తే పక్కనే ఇంకో చోట చీరింది.

ఈ సంగతి తెలియగానే ప్రెస్సాయనకి ముందు జాలేసింది. తర్వాత ఇంకొకటి కూడా తోచింది. బావగారి బండి ఇక ఎలాగూ కదలదు, స్టీరింగ్ బాక్స్ మాత్రం భేషుగ్గా ఉంది. ఈ మాట ఎలా ఎత్తాలా అని తర్జనభర్జన పడుతుండగానే, డాక్టరు దంపతులు పళ్ళ బుట్టతో దిగారు.

కుశలప్రశ్నలయ్యాయి, ఎండల గురించి అయింది, మనవరాలి కొత్త పళ్ళ గురించీ అయింది. డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

"బావగారూ, మీ బండి పాపం షెడ్డులో ఊరికే పడుంది..."

"మీదీ పడుందని విన్నాను బావగారూ."

"అదే, అదే. మీ ఇంజను మంచిది కదా. వాడకపోతే అదీ పాడవుతుందేమోనని..."

"మీ స్టీరింగ్ బాక్స్ గురించి నేనూ అదే అనుకుంటున్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వియ్యపురాళ్ళు కిటికీలోంచి బయటికి చూశారు.

"నా బండికి బాడీ గట్టిగా ఉంది బావగారూ. అందుకని అంటున్నా" అన్నాడు డాక్టరు.

"నాది పుచ్చిపోయిందనా?"

"అబ్బే, అలా అన్లేదు."

"అన్నారు. నా బండి పనైపోయిందని మీరే సర్టిఫికెట్ ఇచ్చేశారు. పశువులకి ఇచ్చినట్టు."

ఆఖరి ముక్క అనకుండా ఉండాల్సిందని అంటున్నప్పుడే తెలిసింది ప్రెస్సాయనకి. డాక్టరు "వస్తాం మరి" అని లేచాడు. ప్రెస్సాయన భార్య వాళ్ళని సాగనంపి వచ్చి, "పళ్ళు తెచ్చిన మనిషిని కరిచి పంపించారు" అని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత సెలవులు వచ్చాయి, పోయాయి. ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ఒక మధ్యాహ్నం కూతురు ఒక్కతే వచ్చింది.

"నీతో మీ మావయ్యగారు ఏమైనా అన్నారా?" అని అడిగాడు.

"అంటే బాగానే ఉండేది నాన్నా. రోజూ పొద్దున్నే పేపర్ మడిచి, 'మీ నాన్నగారు బాగున్నారా అమ్మా?' అని అడుగుతారు. అంతే. మళ్ళీ పేపర్ విప్పుకుంటారు. ఆ మర్యాద భరించలేక చస్తున్నాను."

ప్రెస్సాయనకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

"ఏ బండి బతుకుతుందో మేస్త్రీని అడక్కూడదూ?" అంది కూతురు.

"వాడేం చెబుతాడో నాకు తెలుసులే."

"తెలుసు కాబట్టే అడగట్లేదు."

కూతురు వెళ్ళిపోయాక ఆయన షెడ్డులోకి వెళ్ళి పట్టా తీశాడు. చిన్నప్పుడు ఈ పిల్ల వెనక సీట్లో నిలబడి, తన మెడ చుట్టూ చేతులు వేసి, బడిదాకా ఊపిరాడనిచ్చేది కాదు. బండిని చూస్తే ఆ బరువు ఇప్పటికీ మెడకి తెలుస్తుంది. మేస్త్రీకి కబురుపెట్టాడు.

మేస్త్రీ డ్రైవరు సీటు కింద తివాచీ ఎత్తి, స్క్రూడ్రైవరుతో అలా నొక్కాడు. అది రేకులోంచి కిందికి దిగి, నేలకి తగిలింది. ఛాసిస్ మీద సుత్తితో తట్టితే గుప్పెడు తుప్పు రాలింది.

"స్టీరింగ్ బాక్స్ దొరికినా దీన్ని రోడ్డెక్కించే ధైర్యం నాకు లేదు సార్. కిందంతా అయిపోయింది. ఇంజను మాత్రం గుండ్రాయిలా ఉంది."

"కొత్త రేకు వేస్తే?"

"దేనికి అతికిస్తాం సార్? పట్టుకోడానికి గట్టి చోటు ఉండాలి కదా."

ప్రెస్సాయన తల ఊపాడు. ఏడుపేమీ రాలేదు. పన్ను పీకించుకోవాలని పళ్ళ డాక్టరు చెప్పాక, పీకించుకోబోయే ముందు నాలిక మాటిమాటికీ అక్కడికే పోయినట్టు, ఆయన చెయ్యి ఆ రోజంతా బండి మీదే తచ్చాడింది. సాయంత్రం వియ్యంకుడికి ఫోన్ చేశాడు.

"బావగారూ, ఇంజను ఎత్తడానికి చైను కప్పీ కావాలి. మీ వైపు ఎవరి దగ్గరైనా ఉందా?"

"నేను తెస్తాను బావగారూ" అన్నాడు డాక్టరు. "మొన్న నేను అలా వచ్చి అడగడం..."

"మీరు పళ్ళు తెచ్చారు. నేను మాట జారాను. అది అయిపోయింది. ఆదివారం రండి."

ఆదివారం షెడ్డు దూలానికి కప్పీ వేలాడదీశారు. మేస్త్రీ గొలుసు లాగుతుంటే ఇంజను అంగుళం అంగుళం పైకి లేచింది. డాక్టరు కింద చేతులు పెట్టి, "మెల్లగా తల్లీ, మెల్లగా, అదీ, వచ్చేస్తోంది" అని ఆవు ఈనేటప్పుడు పలికినట్టే పలికాడు. నూనె పళ్ళెం పట్టుకుని ఉన్న ప్రెస్సాయన నవ్వాపుకోలేక సగం నూనె చొక్కా మీదే పోసుకున్నాడు.

"ఇక నుంచి బండి ఇద్దరిదీ" అన్నాడు డాక్టరు, చేతులు తుడుచుకుంటూ.

"వద్దు బావగారూ. ఇద్దరిదంటే దాన్ని ఎవరూ కడగరు. బండి మీది. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకోండి, చాలు."

"అయితే మేమెప్పుడూ వెనకేనన్నమాట" అంది ప్రెస్సాయన భార్య వాకిట్లోంచి.

ఇంజను బిగించి, సర్దుబాట్లన్నీ చేసి బండిని వీధిలోకి తెచ్చిన రోజు, ప్రెస్సాయన ఇంట్లో గడ్డం గీసుకుంటున్నాడు. వీధి చివర ఆ ఇంజను చప్పుడు వినగానే తన బండే వస్తోందనుకుని, ఎవరు తోలుతున్నారా అని సగం గడ్డంతో బయటికి పరిగెత్తాడు. గేటు ముందు ఆగింది బావగారి ఆకుపచ్చ కారు. డాక్టరు దిగి, ఇటువైపు వచ్చి, తాళం చెవి ఈయన చేతిలో పెట్టాడు. నురగ తుడుచుకోకుండానే ప్రెస్సాయన బండిని వీధిలో రెండు చుట్లు తిప్పి తెచ్చాడు. చక్రం వెన్నలా తిరిగింది.

షెడ్డులో మాత్రం డొల్ల మిగిలిపోయింది. దాన్ని కూడా తూకానికి ఇచ్చేస్తే ఆ చోటు దేనికైనా పనికొస్తుందని భార్య గుర్తుచేస్తూనే ఉంది. ఇదిగో అదిగో అంటూ ఆయన వాయిదా వేస్తూనే ఉన్నాడు.

అలా ఉండగా మేస్త్రీ పంపాడంటూ ఒక నర్సు వచ్చింది. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, మొహం అలసిపోయి ఉంది. ఆవిడదీ అదే రకం కారు. ఎడమ వైపు తలుపు అద్దం కిందికి జారిపోయి పైకి రావడం లేదు. వాన వస్తే గొడుగు వేసుకుని తోలుతున్నానని చెప్పింది. చెబుతూనే షెడ్డులో డొల్లకేసి ఒకసారి చూసి, చూడనట్టు తల తిప్పుకుంది.

ఆ చూపు ప్రెస్సాయనకి బాగా తెలుసు. కాఫీ హోటల్లో తను గోడకేసి చూసిన చూపు అదే. అయినా నోటికి ముందుగా వచ్చిన మాట, "అది ఇచ్చేది కాదమ్మా."

"సరేనండీ" అందావిడ. బతిమాలలేదు. ఇలాంటి మాట చాలా చోట్ల విన్నట్టుంది. "ఇంకెక్కడైనా ఉందని తెలిస్తే చెబుతారా?" అని మాత్రం అడిగింది.

ఇంకెక్కడా లేదని ఆయనకి తెలుసు. గేటు దాకా వెళ్ళిన మనిషిని వెనక్కి పిలిచాడు.

"ఆగమ్మా, కూర్చో. స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి, టైం పడుతుంది."

తలుపు లోపలి అట్ట ఊడదీసి, అద్దాన్ని ఎత్తే పళ్ళ చక్రాన్ని జాగ్రత్తగా బయటికి తీశాడు. గుడ్డతో తుడిచి, గ్రీజు రాసి, పేపర్లో చుట్టి ఇచ్చాడు. ఎలా బిగించాలో మేస్త్రీకి ఫోన్లో చెప్పాడు, అతనికి తెలిసిన సంగతే అయినా. ఆవిడ ఆ పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకుని వెళ్ళింది. ఇన్నేళ్ళూ అడుక్కునే వైపు నిలబడ్డ మనిషికి ఇచ్చే వైపు ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. బాగానే ఉంది.

ఆ సంగతి మర్నాటికల్లా వియ్యంకుడి చెవిన పడింది. వెంటనే ఫోన్ చేశాడు.

"ఎడమ తలుపుది ఇచ్చేశారా? నన్నొక్క మాట అడగొద్దూ బావగారూ?"

"మీ బండి అద్దాలన్నీ శుభ్రంగా ఎక్కి దిగుతున్నాయి కదా."

"రేపు పాడైతే?"

"అప్పుడు ఆ నర్సమ్మని అడుగుదాం."

"ఆవిడ ఇస్తుందా?"

"ఇవ్వదు. ఆవిడ కారు నడుస్తోంది కదా, ఎందుకిస్తుంది?"

డాక్టరు గుర్రుమన్నాడు. "సరే, కుడి వైపుది మాత్రం ఎవరికీ ఇవ్వకండి. నేనే వచ్చి విప్పుకుంటాను."

"రండి. స్క్రూడ్రైవరు మీరే తెచ్చుకోండి, నాది నిన్న విరిగిపోయింది" అని ఫోన్ పెట్టేశాడు ప్రెస్సాయన.