పెళ్ళికొడుకు చొక్కా విప్పనన్నాడు

మంగళగిరి చేనేత చీరల కొట్లో ఉమామహేశ్‌కు మంచి పేరుంది. చీరను మడతల్లో చూపించి ఊరుకోడు. కుచ్చిళ్ళు నడుముకు పట్టి, పమిట భుజాన వేసుకుని, అద్దం ముందు అటూ ఇటూ తిరిగి మరీ చూపిస్తాడు. కొట్టు యజమాని, వాళ్ళ నాన్న అంకమ్మరావు "మావాడు కట్టి చూపిస్తే గోనెసంచైనా అమ్ముడుపోద్ది" అని మురిసిపోయేవాడు.

ఆ చైత్రంలో ఉమామహేశ్‌కు ఇబ్రహీంపట్నం సంబంధం కుదిరింది. అమ్మాయి పేరు ప్రత్యూష, అక్కడే ఒక బడిలో లెక్కలు చెబుతుంది. ముహూర్తం శ్రావణంలో పెట్టారు. పెళ్ళికొడుకు హుషారుగా అద్దం చూసుకునేసరికి నడినెత్తిన జుట్టు పలచబడటం కనిపించింది. ఎవరో స్నేహితుడు ఒక మాత్ర పేరు చెప్పాడు. డాక్టరును అడక్కుండానే మందుల షాపులో కొని, ఇంట్లో ఎవరికీ తెలియకుండా రోజూ ఒకటి మింగడం మొదలుపెట్టాడు.

ఆషాఢం వచ్చేసరికి తల మీద మార్పేమీ రాలేదు గాని ఛాతీ మీద వచ్చింది. ముందు చొక్కా రాసుకుంటే నొప్పి. తర్వాత చనుమొనల కింద రెండు వైపులా ఉసిరికాయంత గడ్డ గట్టిగా తగిలింది. చూస్తుండగానే చొక్కా ముందుకు పొంగింది.

ఒకరోజు తెనాలి నుంచి ఒకావిడ కూతురి పెళ్ళి చీరలకు వచ్చింది. అలవాటు కొద్దీ ఉమామహేశ్ ఆకుపచ్చ పట్టు అంచు చీర తీసి భుజాన వేసుకున్నాడు. ఆవిడ రెండు అడుగులు వెనక్కి వేసి, తల వంచి చూసింది.

"అబ్బ! పమిట ఎంత బాగా నిలిచిందయ్యా నీ మీద! మా అమ్మాయికి కూడా ఇంత అందంగా నిలవదు."

చీర అమ్ముడుపోయింది. ఉమామహేశ్ మాత్రం మర్నాటి నుంచి భుజాన చీర వేసుకోలేదు. బిగుతుగా రెండు బనియన్లు, వాటి మీద దళసరి చొక్కా. ఉక్కపోతకు ఊళ్ళో కుక్కలు కూడా నీడ వెతుక్కుంటుంటే అతను చెమటతో తడిసి ముద్దవుతూ కొట్లో కూర్చునేవాడు.

పెళ్ళి దగ్గర పడింది. వాళ్ళమ్మ చౌడేశ్వరమ్మ పీటలు కడిగిస్తూ చెప్పింది.

"పెళ్ళికొడుకుని చేసేనాడు వాకిట్లో పందిరి కింద కూర్చోబెడతాం. పేరంటాళ్ళందరూ నలుగు పెడతారు."

"మంగళస్నానం వద్దమ్మా."

"స్నానం లేకుండా పెళ్ళేందిరా?"

"బాత్రూంలో నేనే చేసుకుంటా."

"మరి ఒంటికి పసుపో?"

"చొక్కా మీదే రాయండి."

చౌడేశ్వరమ్మ చెంబు కింద పెట్టేసింది. అబ్బాయికి ఈ పెళ్ళి ఇష్టం లేదని ఆమెకు అర్థమైంది. ఆ మాట వియ్యపురాలి దాకా వెళ్ళడానికి ఎంతోసేపు పట్టలేదు. సాయంత్రానికి ప్రత్యూష ఫోన్ చేసింది.

"స్నానమే వద్దా అండీ, పెళ్ళి కూడా వద్దా?"

"అయ్యో, అది కాదండీ."

"ఏది కాదు? సరిగ్గా చెప్పండి."

ఉమామహేశ్ గోదాం లోకి వెళ్ళి, చీరల మూటల మధ్య నిలబడి, గొంతు తగ్గించి ఛాతీ సంగతి చెప్పేశాడు. అవతల ఏదో చప్పుడైంది. ఆమె ఏడుస్తుందో నవ్వుతుందో అతనికి తెలియలేదు.

"దీనికా మా అమ్మ పొద్దుటి నుంచి అన్నం మానేసింది?" అంది ప్రత్యూష. "రేపు విజయవాడ వెళ్దాం. నేనూ వస్తా."

సూర్యారావుపేటలో హార్మోన్ల డాక్టరును వెతికి పట్టుకున్నారు. డాక్టరు ఆడమనిషి, పేరు హన్నా. ఉమామహేశ్ గుమ్మంలోనే వెనక్కి తిరగబోతే ప్రత్యూష చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది. డాక్టరు తెర చాటున పరీక్ష చేసి వచ్చి కూర్చుంది.

"కొవ్వు కాదు, గ్రంథి పెరిగింది. మందులేమైనా వాడుతున్నారా?"

ఉమామహేశ్ పక్కనున్న ప్రత్యూష వంక చూశాడు. "లేదండీ."

"జిమ్ పౌడర్లు? కడుపు మంటకి, బీపీకి?"

"లేదండీ."

"జుట్టుకి?"

ఉమామహేశ్ చెయ్యి నెత్తి మీదికి పోయింది. ఛాతీ సంగతి చెప్పుకోగలిగాడు గాని, బట్టతల సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ప్రత్యూషే అందుకుంది.

"జుట్టు సంగతి నాకు తెలుసండీ. నిశ్చితార్థం నాడు మా తాతగారి కాళ్ళకి దణ్ణం పెట్టారుగా. ఆయన వెనకాలే ఉన్నా. నడినెత్తి మొత్తం కనపడింది."

డాక్టరు నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "మగవాళ్ళ ఒంట్లో రెండు రకాల హార్మోన్లూ ఉంటాయి బాబూ. ఆ మాత్ర కొందరిలో వాటి తూకం చెడగొడుతుంది. ఆపేయండి. రక్తపరీక్షలు కూడా చేయిద్దాం. కొత్తగా వచ్చిందే కాబట్టి కొన్ని నెలల్లో చాలావరకు తగ్గొచ్చు."

"పెళ్ళి పది రోజుల్లో ఉందండీ. అప్పటికి?"

"అప్పటికి తగ్గదు."

"మరి ఏం చెయ్యమంటారు?"

"చొక్కా విప్పి స్నానం చెయ్యండి."

పెళ్ళికొడుకుని చేసే రోజు రానే వచ్చింది. ఉమామహేశ్ కళ్ళు గట్టిగా మూసుకుని చొక్కా విప్పాడు. ఎవరూ కెవ్వున అరవలేదు. ఒక కన్ను తెరిచి చూశాడు. నాన్న తుండుగుడ్డ కట్టుకుని బిందెలు మోస్తున్నాడు. బాబాయిలు ఒంటి మీద చొక్కాల్లేకుండా కుర్చీల్లో చేరగిలబడి పేకాడుతున్నారు. వాళ్ళ ఛాతీలతో పోలిస్తే తనది లెక్కలోకే రాదు. ఇన్నేళ్ళుగా చూస్తున్నవాళ్ళే, కానీ అతను ఇవాళే చూశాడు.

మేనత్త మల్లీశ్వరి గుప్పెడు పసుపు ఛాతీకి పట్టించి, "కాస్త ఒళ్ళు చేశావురా, బాగుంది" అంది.

"ఒళ్ళు కాదత్తా, హార్మోను."

"హార్మోన్లు ఆడాళ్ళకి కదరా వచ్చేది?"

"మగాళ్ళకీ ఉంటాయంట. నేను తిన్న మాత్ర పడలేదు. డాక్టరమ్మ తగ్గుద్దని చెప్పింది."

"తగ్గుద్దిలే. నోరు ముయ్యి, పసుపు పోద్ది" అని అత్త మొహానికి కూడా పట్టించేసింది.

స్నానం అయ్యాక పెరట్లో తల తుడుచుకుంటుంటే మల్లీశ్వరి భర్త రామకోటేశ్వరరావు మెల్లగా దగ్గరికొచ్చాడు. ఆ ఎండలో కూడా మెడ దాకా గుండీలు పెట్టుకున్న మనిషి అతనొక్కడే.

"అల్లుడూ, ఆ డాక్టరమ్మ పెద్దవాళ్ళని కూడా చూస్తదా?"

"ఎవరికి మామయ్యా?"

రామకోటేశ్వరరావు చుట్టూ చూసి, చొక్కా గుండీ ఒకటి పట్టుకుని నిలబడ్డాడు. "ఇంటర్ చదివేటప్పటి నుంచీ. మీ అత్త ముందు కూడా లైటు తీశాకే చొక్కా విప్పుతా."

పెళ్ళి అయిన వారానికి మామా అల్లుళ్ళు డాక్టరు దగ్గరికెళ్ళారు. ఆమె పరీక్షలన్నీ చూసి, భయపడాల్సిందేమీ లేదంది. ఇన్నేళ్ళది మందులకు పోదనీ, అంత బాధగా ఉంటే చిన్న ఆపరేషన్ ఉందనీ, లేకపోతే అలాగే వదిలేయొచ్చనీ చెప్పింది. రామకోటేశ్వరరావు ఆలోచించుకుని చెబుతానన్నాడు.

తిరిగి వస్తూ కృష్ణ ఒడ్డున ఘాట్ దగ్గర ఆటో ఆపించాడు. మెట్లు దిగి, చొక్కా విప్పి మడతపెట్టి ఉమామహేశ్ చేతికిచ్చి, నడుము లోతు నీళ్ళలో నిలబడ్డాడు. మెట్ల మీద బట్టలు పిండుకుంటున్నవాళ్ళు ఎవరూ తలెత్తి చూడలేదు. అతను మూడు మునకలు వేశాడు, ఆపకుండా మరో నాలుగు వేశాడు.

చొక్కా జేబులో ఫోన్ మోగింది. ఉమామహేశ్ స్పీకర్ పెట్టాడు.

"ఏమండీ, ఎక్కడున్నారు?" అంది మల్లీశ్వరి.

"కృష్ణలో స్నానం చేస్తున్నానే!" అని నీళ్ళలోంచి కేకేశాడు రామకోటేశ్వరరావు.

"ఇంట్లో మోటారు బాగానే ఉందిగా!" అంది ఆవిడ.