చివరి ఎనిమిది కాగితాలు

మూడో కుర్చీ నాది. నాదంటే సోమ, బుధ, శుక్రవారాల్లో. మంగళ, గురు, శనివారాల్లో అది ఇంకొకరిది. నా కిడ్నీలు పని మానేసి ఐదేళ్ళయింది. వారానికి మూడుసార్లు, పూటకు నాలుగు గంటలు, ఎడమచేతికి రెండు సూదులు గుచ్చుకుని ఆ కుర్చీలో పడుకుంటాను. ఒంట్లో రక్తాన్ని మిషన్ కడిగి వెనక్కి పంపుతుంది. దర్జీపని నాది, యూనిఫారాలు కుడతాను. ఈ డయాలసిస్ వార్డులో అందరూ నన్ను కత్తెరమ్మ అంటారు. చేసే పనిని చూసి అంటారో నోటిని చూసి అంటారో నేనడగలేదు.

ఆ బుధవారం కుర్చీ పక్కనున్న బల్ల సొరుగు లాగగానే పుస్తకంలోంచి చీటీ జారిపడింది. పెన్సిల్‌తో, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.

"ఇంకా నలభై పేజీలున్నాయి. గురువారం, శనివారం సరిపోతాయి. అవి అయ్యాక నేనిక ఇక్కడికి రాను. మీతో చెప్పకుండా పోవడం బాగుండదని రాశాను."

ఇక్కడికి రాకపోతే ఏమవుతుందో మాలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. నాలుగైదు రోజుల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పది రోజులు గడవడం కష్టం.

ఆ పుస్తకం ఎదురు కుర్చీ మాస్టారిది. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కాలేజీ రోజుల్లో కొనుక్కున్న సైన్స్ ఫిక్షన్ నవల, పేరు 'ఏడో కాపలా', వార్డులో ఎవరైనా చదువుకోవచ్చని తెచ్చిపెట్టాడు. నక్షత్రాల మధ్య వెళ్ళే ఓడలో అందరూ నిద్రపోతుంటారు. ఒక్కరే ఏడాదిపాటు మేలుకుని కాపలా కాసి, తర్వాతివాళ్ళను లేపి తాము పడుకుంటారు. ఏడో కాపలామనిషికి ఓడ దారి తప్పిందని తెలుస్తుంది. అందరినీ లేపి చెప్పాలా, వద్దా? ఈ రాకెట్ల గోల నాకెందుకని మొదట విసుక్కున్నాను. ఇరవై పేజీలయ్యాక, సూదులు తీస్తానంటూ సిస్టర్ వస్తే పది నిమిషాలు ఆగమన్నాను. అలా అడిగినవాళ్ళు ఆ వార్డులో అంతకుముందు లేరట.

మంగళ, గురు, శనివారాల్లో నా కుర్చీలో పడుకునే మనిషి కూడా అదే పుస్తకం చదువుతున్నట్టు చీటీల వల్లే తెలిసింది. నేను ఆయనకు మంగళవారం అని పేరు పెట్టుకున్నాను. ఓడలో వంటమనిషి తన డైరీలో అబద్ధాలాడుతోంది గమనించారా అని ఆయన రాస్తే, నడుము కొలతల దగ్గర రోజూ అబద్ధాలు వినేదాన్ని, ఆ మాత్రం పట్టుకోలేనా అని నేను రాశాను. రెండు నెలలు అలా నడిచింది. ఒకరి ముఖం ఒకరం చూడలేదు.

చీటీ సంగతి వెంటనే సిస్టర్ చెవిన వేశాను. ఆమెకు ముందే తెలుసు. డాక్టరుగారు ఆయన్ను గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడారట. ఆయన ఈడొచ్చిన మనిషి, తెలివిలో ఉన్న మనిషి, కట్టేసి తీసుకురాలేం కదమ్మా అంది. అంతకుమించి చెప్పే హక్కు తనకు లేదంది. ఆమె కళ్ళకింద నలుపు చూసి నేనూ వదిలేశాను.

కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరో కూడా తెలియని మనిషి మీద అంత కోపం ఎందుకొచ్చిందో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు చెప్పగలను, అది భయం. మొదటి ఏడాది నేనూ ఓసారి అలాంటి లెక్కే వేసుకున్నాను. నా కూతురి స్కూలు యూనిఫారం ఒకటి కుట్టుమిషన్ మీద సగంలో ఉంటే ఆగిపోయాను.

నా చేతిసంచిలో కుట్లు విప్పే చిన్న బ్లేడు ఎప్పుడూ ఉంటుంది. పుస్తకం తిరగేసి చూశాను. పాతకాలం పుస్తకం, జిగురు కాదు, దారంతో కుట్టారు. ఎడమచెయ్యి కదపకూడదు. పుస్తకాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి, కుడిచేత్తో ఆఖరి మడత కుట్టు ఒక్కొక్కటే తెంపడం మొదలుపెట్టాను. మూడో ముడి దగ్గర ఒళ్ళు కదిలి మిషన్ కూత పెట్టింది. సిస్టర్ పరుగున వచ్చింది. పుస్తకాన్ని దుప్పటికింద తోసి, తిమ్మిరెక్కిందని చెప్పాను. ఆమె ట్యూబు సరిచేసి, నా ముఖంలోకి ఓసారి చూసి వెళ్ళింది. తర్వాత మిగతా కుట్లు తెంపాను. పదహారు పేజీలు, మడత దగ్గర కోస్తే ఎనిమిది కాగితాలు.

మొదటి కాగితం పుస్తకంలో పెట్టి చీటీ రాశాను.

"మిగతా ఏడూ నా దగ్గరున్నాయి. మీరు వచ్చిన రోజున ఒకటి దొరుకుతుంది. రాని రోజున దొరకదు."

ఏడని రాసినందుకు వెంటనే నాలుక్కరుచుకున్నాను. చీటీ చింపేసి, అంకె లేకుండా ఇంకోటి రాసిపెట్టాను.

శుక్రవారం పొద్దున, సూదులు గుచ్చేముందు మామూలుగా బరువు చూసుకోవాలి. నేను ముందు సొరుగు లాగాను. చదివిన కాగితం వెనక్కి వచ్చింది, దాంతోపాటు చీటీ.

"ఇది బెదిరింపు."

"అవును" అని కింద రాసి, రెండో కాగితం పెట్టాను.

శనివారం పనిలో చెయ్యి ఆడలేదు. ఒక చొక్కాకు రెండు కుడిచేతులూ కుట్టి మళ్ళీ విప్పాను. సోమవారం సొరుగులో రెండో కాగితానికి కొత్త చీటీ చుట్టి ఉంది, అంటే ఆయన వచ్చాడు. అక్కడే కుర్చీ పట్టుకుని నిలబడిపోయాను. ఆ తర్వాత ప్రతిసారీ అంతే. ఆయన చదివి వదిలిన కాగితమే నేను చదివేదాన్ని, తర్వాతివి ముందే చదవలేదు. ఆ దొంగతనానికి నేను పెట్టుకున్న నీతి అదొక్కటే. కథలో ఏడో కాపలామనిషి నిద్రగదుల ముందు నిలబడి ఉంటాడు, చెయ్యి మీట మీద ఉంటుంది. మంగళవారం మనిషీ అక్కడే నిలబడ్డాడు, నేనూ అక్కడే నిలబడ్డాను.

ఐదో కాగితంతో వచ్చిన చీటీలో "ఎన్ని మిగిలాయి?" అని ఉంది. "చాలా" అని రాశాను. మిగిలినవి మూడు.

ఆ సోమవారమే మాస్టారు కొత్తగా వచ్చిన పేషెంటుకు చూపిద్దామని పుస్తకం అడిగి తీసుకున్నాడు. చివర చూసుకుని ఆయన ముఖం నెత్తురు చుక్క లేకుండా అయిపోయింది. నలభై ఏళ్ళు దాచుకున్న పుస్తకమని, ఎవరు చింపారని అందరినీ అడిగాడు. తుడవడానికి కాగితాలు ఏరుకునే ఆయా వైపు నాలుగు తలలు తిరిగాయి. ఆమె బకెట్ కింద పెట్టి బిక్కముఖం వేసింది. అది చూసి ఊరుకోవడం నావల్ల కాలేదు. ఆయా కాదు, నేనే చేశానని గట్టిగా చెప్పాను. ఎందుకో మాత్రం మాస్టారిని దగ్గరికి రమ్మని, ఆ బుధవారం నాటి చీటీ చేతిలో పెట్టి చూపించాను. ఇంకా ఆయనకు సూదులు గుచ్చలేదు కాబట్టి రాగలిగాడు.

ఆయన చీటీ రెండుసార్లు చదివాడు. అన్నీ తిరిగి నేనే కుట్టి ఇస్తానని, అతుకు కనబడనివ్వనని నేను ఏదేదో చెబుతున్నాను. ఆయన వింటున్నట్టు లేడు.

"ఎన్నున్నాయమ్మా?"

"మూడు."

కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

"ఒక్కో కాగితాన్ని రెండుగా చింపి ఇచ్చినా నేనేం అనుకోను."

చింపలేకపోయాను. బ్లేడు పట్టుకుని ఇంట్లో రెండుసార్లు కూర్చుని లేచాను. ఆరోది వెళ్ళింది, ఏడోది వెళ్ళింది. శుక్రవారం ఎనిమిదో కాగితం సొరుగులో పెట్టబోయి, తీసి సంచిలో వేసుకున్నాను. అది పెడితే నా చేతిలో ఇక ఏమీ ఉండదు. పెట్టకపోతే, సొరుగు ఖాళీగా చూసి ఆయన ఏమనుకుంటాడు?

శనివారం పొద్దున నేనే బయలుదేరాను. విశ్రాంతి రోజున ఎక్కడికమ్మా అని కూతురు కేకలేస్తే గుండీలు కొనాలని చెప్పాను. వార్డులో అన్నీ తెలియని ముఖాలు. మూడో కుర్చీ మీద ఉతికిన దుప్పటి మడత నలగకుండా ఉంది. ఎనిమిదింటికి రావాల్సిన మనిషి ఎనిమిదీ పదికీ రాలేదు. ఎనిమిదీ ఇరవైకి సిస్టర్ ఫోన్ చేసింది, ఎత్తలేదు. నిన్ననే కాగితం పెట్టి ఉండాల్సింది. కాదు, మొదటి రోజే ఈ తెలివితేటలు మానుకుని మనిషిని వెతుక్కుంటూ రావాల్సింది.

ఎనిమిదిన్నరకు మిషన్ చూసే కుర్రటెక్నీషియన్ వచ్చి, ఎదురుచూస్తున్న ఇంకో పేషెంటుకు ఆ కుర్చీ ఇచ్చేద్దామన్నాడు. నేను వెళ్ళి అందులో కూర్చున్నాను.

ఇవాళ మీ రోజు కాదు కదమ్మా అంది సిస్టర్. కాదని నాకూ తెలుసునన్నాను. అవతల ఒకతను ఎదురుచూస్తున్నాడంది. అతన్ని చూసి నాకూ సిగ్గేసింది, అయినా లేవలేదు. పావుగంట అడిగాను. ఆమె గడియారం చూసింది, నన్ను చూసింది, పది నిమిషాలంది.

ఏడో నిమిషంలో తలుపు తోసుకుని ఒక మనిషి వచ్చాడు. ముప్పై ఐదేళ్ళు కూడా ఉండవు. కాళ్ళు వాచి ఉన్నాయి. కుడిచేతికి మోచేయిదాకా నల్లటి గ్రీజు. కింద లిఫ్టులో ఇద్దరు ఇరుక్కుపోయారని, వాచ్‌మన్‌కు మీట తిప్పడం రాక తాను ఆగాల్సి వచ్చిందని సిస్టర్‌కు చెప్పుకుంటున్నాడు. లిఫ్టుల మెకానిక్కట. సూదులు గుచ్చే చేత్తో బరువెత్తకూడదన్నప్పటి నుంచీ పని లేదట.

అప్పుడు కుర్చీలో ఉన్న నన్ను చూశాడు. నా మెళ్ళో కొలతల టేపు ఉంది, తీయడం మర్చిపోయాను.

"మీరేనా?"

నేను సంచిలోంచి కాగితం తీశాను.

"చాలా ఉన్నాయని రాశారు" అన్నాడు. "ఇదొక్కటేనని నాకు తెలుసు. పద్నాలుగేళ్ళప్పటి నుంచీ ఈ నవల ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. పోయే ముందు ఇంకొక్కసారి చదువుకుందామనుకున్నా."

రెండు వారాలకు పైగా, ఆయనకు కంఠతా వచ్చిన కథను ఎరవేస్తూ కూర్చున్నానన్నమాట.

"మరెందుకొచ్చారు?"

"చివర ఏమవుతుందో తెలుసండీ. కాగితాలైపోయాక మీరేం చేస్తారో తెలీలేదు."

నేను లేచి కుర్చీ ఖాళీ చేశాను. ఓడిపోయినదానిలా కాగితం ఆయన ముందుకు చాపాను. ఆయన దాన్ని చేత్తో ముట్టుకోలేదు.

"నాకివ్వకండి. ఇచ్చేస్తే మీ పని అయిపోతుంది, మంగళవారం మీరు రారు."

సిస్టర్ సూదులు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన కుర్చీలో వాలి చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి చాపి, ముఖం అటు తిప్పుకున్నాడు. నేను కాగితం సంచిలో వేసుకుని, ఎన్నింటికి రమ్మంటారని అడిగాను.